కేడీఈ ప్లాస్మాలో లిబ్రేఆఫీస్ రైటర్: రూపం కుదిరింది, తెలుగు టైపింగ్ పోయింది

నమస్కారం. నాది డెబియన్ 12 లినక్స్, కేడీఈ ప్లాస్మా 5.27 డెస్క్‌టాప్, ఎక్స్11 (తెరపై విండోలు చూపే పాత వ్యవస్థ) సెషన్. మా తాతయ్య చేతిరాత కథలను లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఎక్కిస్తున్నాను. ఇప్పటికి 90 పేజీలయ్యాయి, పని ఇలా మధ్యలో ఆగిపోవడం బాధగా ఉంది.

మొదట్లో రైటర్ ఈ డెస్క్‌టాప్‌కి సంబంధం లేనట్టు కనిపించేది. ఫైల్ తెరిచే విండో కూడా వేరే. ప్లాస్మా ఫైల్ మేనేజర్ డాల్ఫిన్‌లో నేను పక్కన పెట్టుకున్న ఫోల్డర్లు అందులో ఉండేవి కావు. హెల్ప్ మెనూలో అబౌట్ చూస్తే వీసీఎల్ దగ్గర జీటీకే3 (గ్నోమ్ డెస్క్‌టాప్ వాడే టూల్‌కిట్) అని ఉంది. మెనూలు, బటన్లు గీసేది వీసీఎలే కదా, అందుకని దాన్ని ప్లాస్మా వాడే క్యూటీ టూల్‌కిట్‌కి మార్చే లిబ్రేఆఫీస్-కేఎఫ్5 ప్యాకేజీ వేశాను. రూపం చక్కగా కుదిరింది, ప్లాస్మా విండోయే వస్తోంది.

కానీ వేరే భాషల్లో టైప్ చేయించే ఐబస్‌లో తెలుగు ఎంచుకున్నా ఇంగ్లీషు అక్షరాలే పడుతున్నాయి. ఎస్‌ఏఎల్ యూజ్ వీసీఎల్‌ప్లగిన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగ్) జీటీకే3 ఇచ్చి తెరిస్తే తెలుగు వస్తుంది, రూపం పోతుంది. ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు బాగానే వస్తోంది, ప్లాస్మా టెక్స్ట్ ఎడిటర్ కేట్‌లో రావడం లేదు. అంటే ఇది రైటర్ తప్పు కాదు, క్యూటీ ప్రోగ్రాములకే ఐబస్ అందడం లేదని నా అనుమానం.

క్యూటీ ఐఎం మాడ్యూల్ వేరియబుల్‌కి ఐబస్ అని ఇచ్చి, టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో రాశాను. టెర్మినల్ నుంచి తెరిస్తే పనిచేస్తోంది, అప్లికేషన్ల మెనూ నుంచి తెరిస్తే లేదు. సెషన్ మొదలయ్యేటప్పుడే ప్లాస్మా దాన్ని చదవాలంటే ఎక్కడ రాయాలి? ఎట్సీలోని ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లోనా, నా కాన్ఫిగ్‌లోని ప్లాస్మా-వర్క్‌స్పేస్ కింద ఎన్వ్ ఫోల్డర్‌లోనా? రేపు ఎక్స్11 బదులు కొత్త వేలాండ్‌కి మారితే ఇదే పద్ధతి పనికొస్తుందా? ప్లాస్మాలో రోజూ తెలుగు టైప్ చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.