సమస్య: నిండియున్న టాంకి నిండుకొనెను

అందరికీ నమస్కారం. ఈసారి సమస్యగా ఇచ్చింది ఆటవెలది (నాలుగు పాదాల తెలుగు పద్యం) నాలుగో పాదం, ముందు మూడు పాదాలు కట్టి దానికి అర్థం కుదర్చడమే పూరణ. మా నాన్నగారి 1978 అంబాసిడర్ మార్క్ 3 కి ఫుల్ టాంకి కొట్టించినా పెట్రోలు గేజి ముల్లు అడుగునే పడుకుంటే పుట్టిన పాదమిది. ఇంట్లో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం కదా, విరోధమంతా ఆ మాటలోనే ఉంది.

పూరణ 1 (వరంగల్ తమ్ముడు)

పాత కారులోన బంకులో పోయించి
తిరిగి చూడ ముల్లు దిగువ నుండె
తట్టి చూచినపుడు ముల్లేమొ లేవదే
నిండియున్న టాంకి నిండుకొనెను

గుంటూరు మాష్టారు: తమ్ముడూ, మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం పొసగడం) తప్పింది, ‘త’కు ‘ము’ చెల్లదు. అంతకన్నా ముఖ్యం, ముల్లు ఎందుకు లేవలేదో చెప్పకపోతే సమస్య సమస్యగానే మిగులుతుంది.

పూరణ 2 (రాజమండ్రి అక్క)

చిట్టి చిల్లి పడగ చేరెను పెట్రోలు
బుడగ నిండి మునిగి ముల్లు పడియె
దాని మాట నమ్మ దారిలో నాకేమొ
నిండియున్న టాంకి నిండుకొనెను

తమ్ముడు: అక్కా, చాలా బాగుంది! రెండో పాదంలో బు, ము యతి కుదురుతుందా?

మాష్టారు: కుదురుతుంది, అది ముకారయతి. పు, ఫు, బు, భు లకు ‘ము’ చెల్లుతుంది. ఫ్లోటు (టాంకిలో పెట్రోలు మీద తేలుతూ ముల్లును కదిలించే బుడగ) నిండడం వల్లే టాంకి నిండుకుందనడం అసలైన పూరణ.

నేను: మా కారులో జరిగింది అచ్చం అదే అక్కా. బ్యాటరీ తీగ విప్పి, టాంకి దించి, యూనిట్ (ఫ్లోటు ఎత్తును గేజికి తెలిపే భాగం) బయటికి తీసి ఆ ఇత్తడి ఫ్లోటు చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోలు గులగులమంది, చిల్లి మాత్రం సూదిమొన కూడా పట్టనంత. టంకం పెట్టిద్దామా అనుకున్నాను గానీ లోపల పెట్రోలు ఆవిరి ఉన్నదానికి వేడి తగిలించడం ప్రమాదం, అందుకే కొత్త యూనిట్ తెచ్చాను. గేజికీ యూనిట్‌కీ ఓమ్స్ (విద్యుత్ నిరోధం) కలవాలి, లేకపోతే సగం టాంకికే ఫుల్ చూపించవచ్చు. బిగించే ముందు బయటే గేజి తీగ తగిలించి, బ్యాటరీ మళ్ళీ కలిపి, యూనిట్ ఒంటికి ఎర్త్ ఇచ్చి ఫ్లోటు కాడ చేత్తో మెల్లగా ఎత్తాను, డాష్‌బోర్డు దగ్గర కూర్చున్న మా అబ్బాయి “లేస్తోంది నాన్నా” అని అరిచాడు. వాషరు కూడా కొత్తదే వేశాను, పాతది ఎండి పొడిపొడిగా రాలింది.

తమ్ముడు: మూడో పాదం మార్చాను మాష్టారూ, కారణం కూడా కలిపి:

తీగ తుప్పు పట్టి తెగిపోయెనో యేమొ

మాష్టారు: తీ, తె. యతి కుదిరింది. కానీ తీగ తెగితే ముల్లు కిందికే పోతుందా?

నేను: కొన్ని గేజిలలో పైకి పోతుంది మాష్టారూ, కొన్నిట్లో కిందికి. మా కారులో తీగ పీకి చూశాను, కిందికే పోయింది. తమ్ముడి పాదం నిలబడుతుంది.