‘మెమరీ మేనేజ్‌మెంట్’ అంటూ నీలం తెర: ర్యామ్ మార్చేయాలా, ఆగాలా?

పటమట నాన్న · శుక్రవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఈఏపీసెట్ మాక్ టెస్టులన్నీ ఇంట్లో కంప్యూటర్ మీదే రాస్తుంది. పది రోజులుగా టెస్టు మధ్యలో తెర నీలంగా మారిపోయి, సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. ఒక్కోసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని వస్తోంది, ఇంకోసారి ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’ అని వస్తోంది. నిన్న 160 ప్రశ్నల్లో 120 రాసేసరికి ఆగిపోయింది. పిల్ల ఏడ్చేసింది.

సిస్టమ్ 2021లో కొన్నాం. 8 జీబీ ర్యామ్ ఉండేది. రెండు వారాల కింద షాపులో ఇంకో 8 జీబీ వేయించాను. ఇప్పుడు అదే షాపుకి ఫోన్ చేస్తే పాత ర్యామ్ పోయి ఉంటుంది, అది కూడా కొత్తది కొనండి అంటున్నారు. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ నడిపితే ఏ తప్పూ లేదని చెప్పింది. మరి నీలం తెర ఎందుకు వస్తోంది? ఇంట్లో టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

ఏలూరు రోడ్డు డీటీపీ · శుక్రవారం, రాత్రి 10:50

సార్, ఒక మాట. మెమరీ అన్న పేరు కనపడగానే ర్యామ్ పోయిందనుకోవద్దు. నేను పాతికేళ్లుగా పుస్తకాలకి డీటీపీ చేస్తున్నాను. నాకు రెండేళ్ల కింద ‘మెమరీ కుడ్ నాట్ బి రెడ్’ అని చిన్న పెట్టె వచ్చేది. ఓకే నొక్కగానే పేజీలు కట్టే ప్రోగ్రామ్ మూసుకుపోయేది. నేనూ ర్యామ్ మార్చేశాను, డబ్బులు పోయాయి, ఎర్రర్ పోలేదు. చివరికి తేలిందేమిటంటే ఒక తెలుగు ఫాంటు ఫైలు పాడైపోయింది. ఆ ఫాంటు ఉన్న పేజీ తెరిచినప్పుడే ప్రోగ్రామ్ పడిపోతోంది. ఫాంటు తీసేసి మళ్లీ వేస్తే ఆ రోజు నుంచి రాలేదు.

నేను తెలుసుకున్నది ఇది. ఒకే ప్రోగ్రామ్ పడిపోయి విండోస్ మామూలుగా నడుస్తుంటే ముందు ఆ ప్రోగ్రామ్‌ని అనుమానించాలి. మీకు మొత్తం సిస్టమ్ పడిపోతోంది, అదీ రకరకాల పేర్లతో. మీది వేరే కథలా ఉంది.

గవర్నర్‌పేట మెకానిక్ · శుక్రవారం, రాత్రి 11:20

డీటీపీ గారు చెప్పింది సరైన మాట. అన్నగారూ, మీ పోస్టులో నాకు ముఖ్యంగా కనపడింది తేదీలు. కొత్త ర్యామ్ వేసింది రెండు వారాల కింద, గొడవ మొదలైంది పది రోజుల కింద. ఈ రెండింటికీ సంబంధం లేదని తేలేదాకా పైసా ఖర్చు పెట్టకండి.

విండోస్ టెస్టు బాగుందన్నంత మాత్రాన వదిలేయకూడదు. అది మామూలుగా నడిపితే పైపైన చూసి ముగించేస్తుంది. టెస్టు నడుస్తుండగా ఎఫ్1 నొక్కితే ‘ఎక్స్‌టెండెడ్’ అని ఉంటుంది, అది పెడితే కొంత నయం. నేను మాత్రం మెమ్‌టెస్ట్86 ప్లస్‌నే నమ్ముతాను. ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసి దాంతో బూట్ చేయాలి, విండోస్ లేకుండానే నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది వాడండి. బూట్ కాకపోతే బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో, సెక్యూర్ బూట్ (గుర్తింపు లేనివాటిని బూట్ కానివ్వని రక్షణ) తాత్కాలికంగా ఆపాలి. మీ సిస్టమ్‌లో బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం, ఆన్‌లో ఉంటే ఆ పని చేసేముందు రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. లేకపోతే తర్వాత విండోస్ ఆ కీ అడిగి కూర్చుంటుంది.

రాత్రి పెట్టి పడుకోండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా అది తప్పే. ర్యామ్ విషయంలో కొంచెం తప్పు, ఎక్కువ తప్పు అని ఉండదు.

ఒక ప్రశ్న. సీపీయూ డబ్బా మూత తీసి చూడండి. ర్యామ్ స్లాట్లు ఎన్ని? కొత్తది ఎక్కడ పెట్టారు? రెండు ర్యాముల మీద అంటించిన కాగితాల్లో స్పీడు ఎంతని ఉంది?

బ్రాడీపేట నాలుగో లైను · శనివారం, ఉదయం 7:30

గుంటూరు నుంచి బీటెక్ స్టూడెంట్‌ని. అంకుల్, నా అనుభవం కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నాకు నీలం తెర కాదు, ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని వచ్చి ప్రోగ్రాములు మూసుకుపోయేవి. ఎస్ఎస్‌డీ ఎక్కువ కాలం మన్నాలంటే పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడుకునే ఫైలు) ఆపేయాలని ఒక వీడియోలో చెబితే ఆపేశాను. నా ర్యామ్ 8 జీబీ. ప్రోగ్రాములన్నిటికీ కలిపి విండోస్ ఇవ్వగలిగింది ర్యామ్, పేజ్ ఫైల్ రెండూ కలిపినంత. పేజ్ ఫైల్ తీసేస్తే మిగిలింది ఆ 8 జీబీయే. బ్రౌజరు, ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ కలిపి తెరిస్తే చాలేది కాదు. సెట్టింగ్ మళ్లీ ‘ఆటోమేటిక్‌గా మేనేజ్’ అని పెట్టి, సీ డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ చేశాక ఒక్కసారి కూడా రాలేదు. సీ డ్రైవ్ నిండిపోయి ఉన్నా ఇదే పరిస్థితి, ఎందుకంటే ఆ ఫైలు పెరగడానికి చోటుండదు.

యార్డు పక్కన · శనివారం, ఉదయం 9:05

మా ఇల్లు గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర. సీజన్లో కారం దుమ్ము ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యేది మా సిస్టమ్ గోల, రాత్రిళ్లు ఏమీ ఉండేది కాదు. మూత తీస్తే ప్రాసెసర్ ఫ్యాన్ రెక్కలు ఎర్రగా పేరుకుపోయి ఉన్నాయి. మాస్కు కట్టుకుని డాబా మీదకి తీసుకెళ్లి బ్లోయర్‌తో శుభ్రం చేశాం, అంతే. వేళను బట్టి వచ్చే క్రాష్ అయితే ముందు వేడి సంగతి చూడండి.

పటమట నాన్న · శనివారం, మధ్యాహ్నం 1:40

మెకానిక్ గారూ, మూత తీశాను. స్లాట్లు నాలుగు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే పాతది రెండో దాంట్లో, కొత్తది దాని పక్కనే మొదటి దాంట్లో ఉన్నాయి. పాత ర్యామ్ మీద డీడీఆర్4 రకం, స్పీడు 3200 అని ఉంది. కొత్తదాని మీద 2666. షాపులో ఈ తేడా నాకు చెప్పలేదు.

మెమ్‌టెస్ట్ రాత్రి 12కి పెట్టాను. పొద్దున చూస్తే 41 ఎర్రర్లు. చూడగానే గుండె జారిపోయింది. ఏ ర్యామ్ పోయినట్టు?

గవర్నర్‌పేట మెకానిక్ · శనివారం, మధ్యాహ్నం 2:15

ఏదీ పోయి ఉండకపోవచ్చు అన్నగారూ, కంగారు పడకండి.

మీ బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎక్స్‌పో అనో డీఓసీపీ అనో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ర్యామ్ తయారుచేసినవాళ్లు రాసిపెట్టిన పెద్ద స్పీడులో నడుస్తుంది. డీడీఆర్4కి మామూలుగా 1.2 వోల్టులు చాలు, 3200 ఎక్స్‌ఎంపీకి చాలావరకు 1.35 పెడతారు. మీ పాత ర్యామ్‌కి అలా ఆన్ చేసి ఉంటారు. ఇప్పుడు పక్కన 2666ది వచ్చి కూర్చుంది. బోర్డు రెండిటినీ ఒకే స్పీడులో నడపాలి కాబట్టి దాన్ని కూడా 3200కి లాగుతోందని నా అనుమానం. ఒక ఎద్దు నడక, ఒక ఎద్దు పరుగు అయితే బండి ఎలా పోతుంది?

అనుమానం నిజమో కాదో తేల్చాలంటే ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు. ముందు పాతది ఒక్కటే ఉంచి టెస్టు పెట్టండి. తర్వాత అదే స్లాటులో కొత్తది ఒక్కటే పెట్టి నడపండి, దాని సొంత స్పీడులో. రెండూ బాగుంటే అప్పుడు కొత్తదాన్ని నాలుగో స్లాటులో పెట్టి రెండూ కలిపి చూద్దాం. నాలుగు స్లాట్ల బోర్డుకి రెండు ర్యాములు వేసేటప్పుడు చాలావాటికి రెండు, నాలుగు స్లాట్లే వాడాలి. బోర్డుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది, సరిచూసుకోండి.

తీసేటప్పుడు ప్లగ్ పూర్తిగా పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. డబ్బా ఇనుము ముట్టుకున్నాకే ర్యామ్ ముట్టుకోండి. ర్యామ్ బంగారు రంగు పళ్లని పిల్లల తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి లేకుండా తుడవండి. స్లాటులోకి మాత్రం నోటితో ఊదొద్దు, తుంపరలు పడి తడి చేరుతుంది. పెట్టేటప్పుడు క్లిప్పు ‘టక్’ మనే దాకా నొక్కాలి. సగం కూర్చున్న ర్యామ్‌తో నా దగ్గరికి వచ్చే సిస్టములు తక్కువేమీ కాదు.

సింగ్‌నగర్ టీచర్ · శనివారం, సాయంత్రం 6:30

పటమట నాన్నగారూ, మీరు ఒక పని ఇప్పుడే ఆపాలని ఈ పోస్టు రాస్తున్నాను. సిస్టమ్ బాగయ్యేదాకా దాంట్లో నుంచి ఫైళ్లు కాపీ చేయకండి, అటూ ఇటూ మార్చకండి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మా కంప్యూటర్ బల్ల మీద ఉంది. నీళ్లు బల్లని దాటి డబ్బా కింది భాగం దాకా వచ్చాయి. మేం మేడ మీద ఉన్నాం, దిగి తీయలేకపోయాం. నీళ్లు తీశాక నెల రోజులు ఆరబెట్టి ఆన్ చేస్తే పని చేసింది. ఎంత సంతోషపడ్డామో. కరెంటు పెట్టకుండా ఆరబెట్టాం కాబట్టి బతికిందనుకున్నాం.

అప్పుడప్పుడు నీలం తెర వచ్చేది, పాతది కదా అని పట్టించుకోలేదు. వరదలో ఆల్బములన్నీ తడిసిపోయాయి కాబట్టి మిగిలిన ఫొటోలైనా జాగ్రత్త చేద్దామని, పన్నెండేళ్ల ఫొటోలు కొత్త హార్డ్ డిస్కులోకి మార్చాను. కాపీ కూడా కాదు, కట్ చేసి పేస్ట్ చేశాను. తర్వాత చూస్తే చాలా ఫొటోల్లో పై సగం బాగుంది, కింది సగం బూడిద రంగు. మా నాన్నగారి చివరి పుట్టినరోజు ఫొటోలు వాటిలోనే ఉన్నాయి.

రిపేరు చేసినాయన విప్పి చూపించారు. ఒక ర్యామ్ స్లాటు లోపల పచ్చగా చిలుము పట్టింది. ప్రతి ఫైలూ డిస్కు నుంచి డిస్కుకి వెళ్లేటప్పుడు ర్యామ్ గుండానే వెళ్తుందని, అక్కడ ఒక్క అంకె మారినా కంప్యూటర్ ఏ హెచ్చరికా ఇవ్వకుండా తప్పుదే రాసేస్తుందని ఆయనే చెప్పారు. ఆ స్లాటు వదిలేసి పక్కదాంట్లో పెట్టాక సిస్టమ్ బాగుంది. ఫొటోలు మాత్రం తిరిగి రాలేదు.

నీలం తెర కనపడుతుంది కాబట్టి భయపడతాం. కనపడకుండా జరిగేది నాకు ఇంకా బాధగా ఉంది.

బ్రాడీపేట నాలుగో లైను · శనివారం, రాత్రి 7:10

మేడమ్, చాలా బాధగా ఉంది. మీరు చెప్పింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. మా హాస్టల్లో ఒకతనికి పెద్ద జిప్ ఫైళ్లు విప్పినప్పుడల్లా ‘సీఆర్‌సీ ఎర్రర్’ వచ్చేది, అంటే ఫైల్లో డేటా సరిపోలట్లేదని. అదే ఫైలు మళ్లీ విప్పితే ఒకసారి బాగా వచ్చేది, ఇంకోసారి రాదు. డౌన్‌లోడ్ తప్పనుకున్నాం, తీరా చూస్తే ర్యామ్. ఒకే ఫైలు ఒక్కోసారి ఒక్కోలా ప్రవర్తిస్తే అది కూడా గుర్తే.

పటమట నాన్న · సోమవారం, రాత్రి 9:20

రెండు రోజులు పట్టింది, మొత్తం రాస్తాను.

పాతది ఒక్కటే, ఎక్స్‌ఎంపీ ఆన్‌లోనే, రాత్రంతా: ఒక్క ఎర్రర్ లేదు. కొత్తది ఒక్కటే, 2666లో: దాంట్లోనూ లేదు. మెకానిక్ గారు చెప్పినట్టు ఏదీ పోలేదు. తర్వాత కొత్తదాన్ని నాలుగో స్లాటులోకి మార్చి రెండూ కలిపి, ఎక్స్‌ఎంపీ ఆన్‌లోనే ఉంచి పెట్టాను. ఎర్రర్లు తగ్గాయి కానీ ఆరు వచ్చాయి. అప్పుడు ఎక్స్‌ఎంపీ ఆపాను. ఆదివారం రాత్రి టెస్టు మొదటి నుంచి చివరిదాకా నాలుగు సార్లు (నాలుగు పాస్‌లు) పూర్తయింది, ఒక్కటీ రాలేదు. టాస్క్ మేనేజర్‌లో ఇప్పుడు స్పీడు 2666 అని చూపిస్తోంది.

ఇలాగే వదిలేయవచ్చా? లేక షాపుకి తీసుకెళ్లి మార్పించాలా?

గవర్నర్‌పేట మెకానిక్ · సోమవారం, రాత్రి 9:45

ఇలాగే వాడుకోండి. మాక్ టెస్టులకీ, వీడియో పాఠాలకీ 3200కీ 2666కీ తేడా చేతికి తెలియదు. రేపు గేములకో వీడియో ఎడిటింగ్‌కో కావాలంటే అప్పుడు ఒకే ప్యాకెట్‌లో జతగా వచ్చే రెండు ర్యాములు తీసుకోండి. విడివిడిగా కొన్న రెండింటిని జత చేస్తే, మీద ఒకే అంకె ఉన్నా లోపలి చిప్పులు వేరై ఉండొచ్చు. బిల్లు మాత్రం పారేయకండి, ర్యాములకి చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి.

ఇంకో పని మిగిలింది. ఈ పది రోజుల్లో విండోస్ సొంత ఫైళ్లు కూడా చెడిపోయి ఉండొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి సిస్టమ్ ఫైల్ చెకర్ నడపండి. ఎస్, ఎఫ్, సీ అక్షరాలు, ఖాళీ, స్లాష్, దాన్నానుకుని స్కాన్‌నౌ. ర్యామ్ బాగయ్యాకే ఇది చేయాలి. ముందే చేస్తే బాగుచేసేదాన్ని కూడా అదే ర్యామ్ చెడగొడుతుంది.

పటమట నాన్న · మంగళవారం, రాత్రి 8:50

నడిపాను. పాడైన ఫైళ్లు దొరికాయని, బాగుచేశానని చెప్పింది. అమ్మాయి ఈరోజు మూడు గంటల టెస్టు పూర్తిగా రాసింది, మధ్యలో ఏమీ ఆగలేదు. మెకానిక్ గారూ, మీ రుణం తీర్చుకోలేను.

సింగ్‌నగర్ మేడమ్, మీ మాట విన్నాక ఈ రెండు వారాల్లో సేవ్ చేసినవన్నీ ఒక్కొక్కటీ తెరిచి చూశాం. ఫిజిక్స్ నోట్సు పీడీఎఫ్‌లు రెండు తెరుచుకోవట్లేదు, ఒకదాంట్లో సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. పరీక్ష ముందురోజు తెలిసి ఉంటే ఏమయ్యేదో. ఇప్పుడు మళ్లీ డౌన్‌లోడ్ చేస్తున్నాం.