రూట్ రాసిన విలువను కెర్నల్ తనిఖీ చేయాలా?

ప్రహరి:
లినక్స్‌లో ప్రోగ్రాముల చిరునామాలను చెల్లాచెదురు చేసే రాండమైజ్_వీఏ_స్పేస్ అమరికలో 0, 1, 2 విలువలకే అర్థముంది. అయినా 7 రాస్తే, వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్ కిమ్మనకుండా తీసుకుంటుంది. దాని వెనకనున్న ఫంక్షన్ వచ్చింది పూర్ణాంకమా కాదా అని చూస్తుందే తప్ప హద్దులు చూడదు. కెర్నల్ చిరునామాలను దాచే కేపీటీఆర్_రిస్ట్రిక్ట్‌లో 3 రాస్తే మాత్రం తిప్పికొడుతుంది. భద్రతకు సంబంధించిన ప్రతి అమరికకూ ఇలాంటి హద్దులు ఉండి తీరాలి.

మూలసూత్రం:
7 వల్ల నష్టమేమిటి? 1 దాటినదంతా 2 లాగే పనిచేస్తుంది. పైగా రాయగలిగేది అన్ని అధికారాలూ ఉన్న నిర్వాహక ఖాతా రూట్ మాత్రమే, రూట్ తలచుకుంటే 0 రాసినా ఏ హద్దూ ఆపదు. ఇన్నాళ్లూ నడిచిన స్క్రిప్టులను చెడగొట్టడం తప్ప మీరు సాధించేది లేదు.

ప్రహరి:
7 దగ్గరే ఎందుకు ఆగారు? -1 రాసి చూడండి. సున్నా కాదు గనుక మెమరీలో స్టాక్ అనే భాగం చెదురుతుంది, 1 దాటలేదు గనుక హీప్ అనే భాగానికి ఆ రక్షణ ఉండదు. రాసినవారికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

తోవరి:
బూట్ అయ్యేటప్పుడు అమలయ్యే ఫైల్‌లోని విలువైతే, తిప్పికొట్టినా ఆ సందేశం బూట్ లాగ్‌లోనే పడి ఉంటుంది.

మూలసూత్రం:
అందుకే తనిఖీ కెర్నల్‌లో కాక, విలువను రాసే టూల్‌లో ఉండాలంటున్నాను. నేను గతంలో పనిచేసిన చోట ఎవరో, నడుస్తున్న ప్రోగ్రామ్‌లోకి డీబగ్గర్ తొంగిచూడొచ్చా లేదా అని నిర్ణయించే పీట్రేస్_స్కోప్‌లో 3 రాశారు. అది హద్దులోని విలువే గనుక కెర్నల్ ఒప్పుకుంది, రీబూట్ చేసేదాకా వెనక్కి రానివ్వలేదు. సర్వీసు బిగుసుకుపోతే డీబగ్గర్ తగిలించే దారిలేక రాత్రంతా అవస్థపడింది నేను. మీ హద్దులు నాకేం ఒరగబెట్టాయి?

ప్రహరి:
అవస్థ నిజమే, కానీ అడిగినదానికి అది జవాబు కాదు. ప్రతిసారీ రూట్‌ను నమ్మాలన్న చోటికే వస్తున్నారు.

మూలసూత్రం:
నమ్మక ఏం చేయాలి? యంత్రం నిర్వాహకుడిది. అతన్ని దొంగలా చూసే కెర్నల్ నాకు అక్కర్లేదు!

ప్రహరి:
మన తగాదా ఇదే, హద్దుల గురించి కాదు. కెర్నల్‌లోకి కొత్త మాడ్యూళ్లు ఎక్కకుండా ఆపే మాడ్యూల్స్_డిసేబుల్డ్ ఒకసారి 1 అయితే, రీబూట్ చేసేదాకా మళ్లీ 0 కాదు. 2019లో కెర్నల్ 5.4తో వచ్చిన లాక్‌డౌన్ అనే సదుపాయం రూట్‌కూ కళ్లెం వేస్తుంది. రూట్ పరుల చేతికి చిక్కవచ్చన్న లెక్కతోనే వీటిని పెట్టారు. వెనక్కి తీసుకోలేని విలువను రాసే క్షణంలోనే ఆపాలి, తర్వాత ఆపడానికి ఎవరికీ అధికారం మిగలదు.

మూలసూత్రం:
వెనక్కి రాని అమరికల వరకు ఒప్పుకుంటాను. రాండమైజ్_వీఏ_స్పేస్ ఆ కోవలోది కాదు. అక్కడ ముందు కొన్ని విడుదలల పాటు హెచ్చరిక ఇవ్వండి, తిప్పికొట్టడం ఆ తర్వాతే.