గంజి పడి కాలిన పాప చెయ్యి చాపనివ్వడం లేదు, ఇంట్లో ఎలా చేయించాలి?

ప్రశ్న:
మా పాపకు నాలుగేళ్లు. అన్నం వారుస్తుంటే గంజి పడి మెడ, కుడి చంక, మోచేతి మడత దాకా కాలింది. తొడ మీది చర్మం తీసి అతికించారు. పుండ్లు మానాయి, ఇంటికి పంపేశారు. మోచేతికి స్ప్లింట్ (చెయ్యి చాపి ఉంచే గట్టి పట్టీ), ఒంటికి బిగుతుగా ఉండే ప్రెషర్ గార్మెంట్ ఇచ్చారు కానీ వెయ్యబోతేనే ఏడుపు. చెయ్యి మడిచి పొట్టకు ఆనించుకునే ఉంటుంది, గడ్డం కిందికి దించే ఉంచుతుంది. రాత్రంతా దురద. మా అత్తగారు "పుండు మానిందిగా, పసిదాన్ని ఎందుకు ఏడిపిస్తారు, పెరిగేకొద్దీ అదే సాగుతుంది" అంటున్నారు. నాకూ చెయ్యి ఆడటం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు (పిల్లల వార్డులో ఫిజియోథెరపిస్ట్‌ని):
అమ్మా, పుండు మానాకే అసలు పని మొదలవుతుంది. కాలిన చోట వచ్చే మచ్చ నెలల తరబడి లోపల్లోపల బిగుసుకుంటూనే ఉంటుంది, ఎర్రగా ఉబ్బి గట్టిపడుతుంది, అది మెత్తబడటానికి ఏడాదిన్నర, రెండేళ్లు కూడా పట్టొచ్చు. పాపకు హాయిగా అనిపించే భంగిమ ఉంది చూశారూ, చెయ్యి మడిచి, మెడ వంచి, సరిగ్గా అలాగే చర్మం బిగుసుకుపోతుంది. పెరిగితే సాగుతుందనేది నిజం కాదు. ఒళ్లు పెరిగినంతగా మచ్చ పెరగదు కాబట్టి పిల్లల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అత్తగారికి ఈ మాటే చెప్పండి, ఆవిడా మనవరాలి మీద ప్రేమతోనే అంటున్నారు.

పడుకున్నప్పుడు తల కింద దిండు వద్దు. తువ్వాలు చుట్ట చుట్టి భుజాల కింద పెడితే గడ్డం పైకి లేస్తుంది. చెయ్యి పక్కకు చాపి, చంకలో మెత్తటి దిండు ఉంచండి. స్ప్లింట్ నిద్రపట్టాక కట్టండి, గొడవుండదు. కట్టాక వేళ్లు చల్లబడ్డాయా, ఉబ్బాయా, రంగు మారాయా చూడండి. అలా ఉంటే వెంటనే వదులు చెయ్యండి. పొద్దున చర్మం ఒరుసుకుపోయి కనిపిస్తే ఇచ్చినవాళ్ల చేత సరిచేయించండి.

వ్యాయామం స్నానం తర్వాత చేయించండి. ముందు వాసన లేని క్రీము గానీ కొబ్బరినూనె గానీ రాసి, మచ్చ మీద బొటనవేలితో గట్టిగా, మెల్లగా మర్దనా చెయ్యండి. చర్మం తెల్లబడేదాకా సాగదీసి అక్కడే కాసేపు ఆపాలి. కుదుపు పనికిరాదు. మరీ నొప్పిగా ఉంటే డాక్టరు రాసిన నొప్పి మందు అరగంట ముందు ఇవ్వండి. గార్మెంట్ రోజుకు 23 గంటలు ఉండాలి, స్నానానికీ మర్దనాకీ తప్ప తియ్యకండి. ఒకటి ఉతికితే వేసుకోవడానికి రెండోది ఉండాలి. కొన్ని నెలలకు పట్టు సడలుతుంది, పాప కూడా పెరుగుతుంది, అప్పుడు కొత్త కొలత ఇవ్వాలి. దురదకు మర్దనాతో చాలా తేడా వస్తుంది, తగ్గకపోతే డాక్టర్ని మందు అడగండి.

ఇంకొకటి, పుండు చీము పడుతుందని మన ఇళ్లల్లో పప్పు, గుడ్లు మానిపిస్తారు. దయచేసి ఆ పథ్యం పెట్టకండి! కొత్త చర్మానికి మాంసకృత్తులే ఆధారం.

జవాబు (మరో తల్లి):
అక్కా, మా బాబుకు సాంబారు పడింది. నేను చేసినవి చెప్తాను. గోడ మీద వాడికి అందీ అందని ఎత్తులో బొట్టు బిళ్లలు అంటించి "తీసుకురా" అనేదాన్ని. వాడు తీసిన కొద్దీ మర్నాడు ఇంకొంచెం పైన. సబ్బు బుడగలు పైకి ఊది పగలగొట్టమంటే చెయ్యీ లేస్తుంది, మెడా లేస్తుంది. బొమ్మకు కూడా పాత సాక్సుతో ఒక తొడుగు కుట్టిపెట్టాను, ముందు దానికి వేసి తర్వాత వాడికి. "ఐదు అంకెలు లెక్కపెట్టనా, పదా?" అని వాణ్ణే అడిగితే ఏడుపు సగం తగ్గింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. ఈ రాత్రి నుంచే దిండు తీసేస్తాను. ఇంకో రెండు సందేహాలు. పొయ్యి వెలిగిస్తే చాలు వణికిపోతోంది, పక్క తడుపుతోంది. మళ్లీ అంగన్‌వాడీకి పంపొచ్చా?

జవాబు (ఫిజియోథెరపిస్ట్):
పక్క తడపడం, భయపడటం ఇంత దెబ్బ తిన్న పిల్లల్లో మామూలే, తిట్టకండి. వారాలు గడిచినా తగ్గకపోతే పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. గాయాలు పూర్తిగా మూసుకుంటే అంగన్‌వాడీకి పంపండి, ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. ముందు రోజు మీరు టీచరమ్మతో మాట్లాడి, మిగతా పిల్లలకు "కాలింది, తగ్గుతోంది, అంటుకోదు" అని చెప్పమనండి. ఎండ తగలకుండా పొడుగు చేతుల చొక్కా వెయ్యండి.

ఆస్పత్రి దూరమైతే జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ (పిల్లల లోపాలను త్వరగా గుర్తించి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రం) ఉందేమో అడగండి, పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఆర్‌బీఎస్‌కే పథకం కింద పాపకు ఫిజియోథెరపీ ఉచితంగా చేస్తారేమో కనుక్కోండి. మెడ పైకెత్తి ఫ్యాను చూడలేకపోతున్నా, మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నా ఆగకుండా ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించండి. ఆపరేషన్ కావాల్సి వస్తే ఆరోగ్యశ్రీలో వస్తుందేమో ఆ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. డిశ్చార్జి కాగితాలు, పాత ఫొటోలు పారెయ్యకండి, అప్పుడు అవే అడుగుతారు.