గోపాల్‌పూర్‌కి నాలుగోసారి, ఈసారి నాన్నతో. వెళ్ళాలా వద్దా?

పర్లా_ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, పెళ్ళయ్యాక రాయగడలో స్థిరపడ్డాం. నాన్నకి 81 నిండాయి. మోకాళ్ళు రెండూ పోయాయి, కళ్ళకి ఆపరేషన్ అయింది, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. పది రోజులుగా ఒకటే పాట, "అమ్మాయ్, ఒక్కసారి గోపాల్‌పూర్ చూపించవే" అని, అదే, ఒడిశాలో బరంపురం దగ్గరి సముద్రతీరం. విశాఖలో ఉండే మా అన్నయ్యేమో ఆ ఇసకలో ముసలాయన్ని ఈడ్చుకెళ్ళడం ఎందుకు, ఇక్కడికి తీసుకురా, ఆర్కే బీచ్‌లో కారు దిగితే ఎదురుగా సముద్రమే అంటాడు. వాడన్నదీ నిజమే.

నా ఇబ్బంది వేరే ఉంది. నేను మొదటిసారి గోపాల్‌పూర్ చూసింది 1984లో, తొమ్మిదేళ్ళప్పుడు. అప్పటికి గజపతి జిల్లా ఎక్కడిది, అది 1992లో కదా వచ్చింది, మాదీ గంజాం జిల్లాయే, ఏ కాయితం కావాలన్నా ఛత్రపురం వెళ్ళాల్సిందే. నాన్నకి అక్కడ ఒక ఆఫీసులో పని పడితే నన్నూ వెంట తీసుకెళ్ళాడు. రాజావారు వేయించిన బుల్లి రైలు, రెండున్నర అడుగుల పట్టాల మీద బొగ్గింజను, నౌపడ దాకా తాపీగా పోయేది, నౌపడలో పెద్ద రైలు. మధ్యాహ్నానికి నాన్న ఆఫీసులోంచి బయటికి వచ్చి "పద, నీకు సముద్రం చూపిస్తా" అన్నాడు. బస్సు కిటికీలోంచి దారంతా మొగలి వాసన. ఒడ్డుకి చేరాక పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, చేతి వాచీ తీసి రుమాల్లో మూటకట్టి నా చేతికిచ్చాడు, తడవనివ్వకు అని. నేను కెరటానికి జడిసి వెనక్కి వెనక్కి పోతుంటే ఒక జాలరాయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఏటి పాపా, బయ్యమా?" అని అచ్చం మా ఊరి తెలుగులో అడిగాడు. చుట్టూ ఒడియాయే వినపడుతున్న చోట ఆ మాట వినగానే సముద్రం మనదే అనిపించింది.

రెండోసారి 2001, పెళ్ళయిన కొత్త. రెండు రీళ్ళ ఫోటోలున్నాయి, గుర్తున్నది మాత్రం హోటల్ రేటు మీద మా ఇద్దరి గొడవే. మూడోసారి 2014 జనవరి, పిల్లలతో. ఫైలిన్ తుపాను తీరం దాటి మూడు నెలలైంది, సరుగుడు చెట్లకి తలల్లేవు, పిల్లలు సిగ్నల్ లేదని గోల, నాకైతే సముద్రం కూడా చిన్నదైపోయినట్టుంది. ఇంటికొచ్చాక నాన్నకి ఏమీ చెప్పలేదు, బాగుంది అన్నానంతే.

ఇప్పుడు ఆయన మనసులో ఉన్న ఊరుని నా చేతులారా చెడగొట్టినట్టవుతుందేమోనని భయం. మీలో ఎవరైనా ఇలా పెద్దవాళ్ళని పాత చోటికి మళ్ళీ తీసుకెళ్ళారా? వెళ్ళేట్టయితే ఏ నెల మంచిది?

బరంపురం_బుల్లోడు:

అక్కా, నేను బరంపురం వాణ్ణే, బైకు మీద అరగంట, వారానికోసారి పోతుంటాను కాబట్టి మీకున్నంత సెంటిమెంట్ నాకు లేదు, పనికొచ్చేవి చెప్తాను. అక్టోబర్‌లో ప్లాన్ చేసుకోకండి, అది తుపాన్ల నెల, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అప్పుడే. డిసెంబర్ 25 నుంచి సంక్రాంతి దాకా అసలు అటు చూడొద్దు, అందరూ పిక్నిక్‌కి దిగుతారు, డీజే పెట్టారంటే నాన్నగారి చెవులు కూడా పోతాయి. నవంబర్ ఆఖరు, వారం మధ్యలో, పొద్దున్నే రండి.

వీల్‌చైర్ మీద ఆశ పెట్టుకోకండి. ఇసకలో నాలుగడుగులకే ముందు చక్రాలు కూరుకుపోతాయి. మా తాతయ్యకి మేమేం చేశామంటే, టీ కొట్టువాణ్ణి అడిగి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని అందులో కూర్చోబెట్టి ఇద్దరం చెరోపక్కా ఎత్తుకుని తడి ఇసక దాకా మోసుకెళ్ళాం, ఆయన ఊరేగింపు దేవుడిలా చేతులూపుకుంటూ వచ్చాడు. తడి ఇసక గట్టిగా ఉంటుంది, కుర్చీ నిలబడుతుంది. కానీ కాళ్ళు తడిపితే చాలు, నీళ్ళలోకి మాత్రం ఎవరూ దిగొద్దు, అక్కడ ఒడ్డు దగ్గరే లోతు, లాగేస్తుంది. లైట్‌హౌస్ సాయంత్రం పూటే తెరుస్తారు, మెట్లు మీరెక్కండి, ఆయన్ని కింద ముంతపప్పు దగ్గర కూర్చోబెట్టండి. టిఫిన్ బరంపురంలోనే కానిచ్చేయండి, ఉప్మా మీద ఘుగుని (బఠానీ కూర) పోయించుకుని తినకుండా వెళ్ళిపోతే మా ఊరికి అవమానం.

రంగం_మునిమనవరాలు:

మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. పదహారేళ్ళప్పుడు కాలేజీ పిక్నిక్‌కి వెళ్ళి అక్కడి పాత గోడల చాటున మేం తడిబట్టలు మార్చుకున్నాం, అవేంటని ఒక్కరం కూడా అడగలేదు. ముప్ఫై దాటాక నానమ్మని తీసుకెళ్తే ఆవిడ సముద్రం వైపు చూడనేలేదు, ఆ గోడలకేసే చూస్తూ కూర్చుంది. ఒకప్పుడు అది రేవు. మన గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి కూలికీ, వ్యాపారానికీ జనం అక్కడే ఓడెక్కి రంగం వెళ్ళేవాళ్ళు (తెలియని పిల్లల కోసం: రంగం అంటే రంగూన్). మా ముత్తాత అలా వెళ్ళినవాడే. 1942లో జపాన్ వాళ్ళు రంగూన్ పట్టుకున్నప్పుడు వేలమందితో పాటు కొండల్లో నడిచి వెనక్కొచ్చాడట. నానమ్మకి ఆయన తెచ్చింది ఒక లక్క డబ్బా, అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, కుంకం వేసుకుంటాం.

కాబట్టి ఆయన ఏం చూడటానికి వస్తానంటున్నారో ముందు అడగండి. అది మీరనుకుంటున్నది అవ్వాలని లేదు.

ఒడ్డున_పుట్టినోడు:

అక్కా, మీ చెయ్యి పట్టుకున్నాయన మావోడే అయ్యుంటాడు. ఒడియావాళ్ళు మమ్మల్ని నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, బడిలోనూ ఒడియాయే, నేను తెలుగు రాయడం ఫోన్లోనే నేర్చుకున్నాను, తప్పులుంటే ఏమనుకోకండి.

ఒక మాట చెప్తాను, కోపం వద్దు. 2014 జనవరిలో మీకు ఊరు చిన్నదైపోయినట్టు కనిపించింది కదా, ఆ జనవరికి మేము ఇంకా టార్పాలిన్ కిందే ఉన్నాం. తుపానుకి ముందే మమ్మల్ని ఇళ్ళు ఖాళీ చేయించి బడిలో పెట్టారు, అందుకే ప్రాణాలు మిగిలాయి. తిరిగొచ్చి చూస్తే మా అయ్య వల ఇసకలో ఇంతలోతున కూరుకుపోయుంది, ముగ్గురం కలిసి లాగితే ముక్కలుగా వచ్చింది. తలల్లేని సరుగుడు చెట్లు మీకు బాధ కలిగించాయి, మాకవి పొయ్యిలో కట్టెలయ్యాయి.

ఇప్పుడు నేను మంగుళూరులో బోటు మీద పనిచేస్తున్నాను. తూర్పున మరబోట్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్, ఋషికుల్య నది సముద్రంలో కలిసే వైపయితే తాబేళ్ళ కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఆంక్షలు. తాబేలు బతకాలి, నేనూ ఒప్పుకుంటాను, కానీ కుర్రోళ్ళు ఊళ్ళో ఎలా ఉంటారు. ఏడాదికి రెండుసార్లు వస్తాను. మొన్న దిగితే టీ కొట్టు పిల్లాడు నన్ను టూరిస్టనుకుని గదులు కావాలా అన్నాడు. అదేనండి నా సంగతి.

నాన్నగారిని తీసుకురండి. పొద్దున ఆరింటికల్లా వస్తే తెప్పలు ఒడ్డుకి చేరే టైము. ఎవరినైనా తెలుగులో పిలవండి, కుర్చీ మోయడానికి మనుషుల్ని వెతుక్కోనక్కర్లేదు.

మళ్ళీ_వెళ్ళను:

నాది వేరే అభిప్రాయం. చిన్నప్పుడు తప్తపాని వేడినీళ్ళ గుండంలో గుడ్డలో బియ్యం కట్టి ముంచేవాళ్ళం, ఉడుకుతాయని. ఉడికేవి కావు, అది వేరే సంగతి. మా అమ్మ పోయేముందు ఏడాది తీసుకెళ్ళాను, కారు దిగనంది, ఇది కాదు అంది. దారి పొడుగునా ఇంకో మాట లేదు. ఆ "ఇది కాదు" నాకిప్పటికీ వినిపిస్తుంది. ఫోటోలు చూపించి ఊరుకోండి.

పర్లా_ఆడపడుచు:

అందరికీ థాంక్స్. ఒడ్డున_పుట్టినోడు తమ్ముడూ, నువ్వన్నది తగిలింది, తగలాల్సిందే. మళ్ళీ_వెళ్ళను గారూ, మీ మాటకి రెండు రోజులు వెనకాడాను కూడా. వెళ్ళొచ్చాక రాస్తాను.

పర్లా_ఆడపడుచు (మూడు వారాల తర్వాత):

వెళ్ళొచ్చాం. ముందురోజే బరంపురం చేరి పడుకుని, తెల్లారుజామున బయల్దేరాం. కుర్చీ ఐడియా పనిచేసింది, మా ఆయనా ఇంకో జాలరి కుర్రాడూ మోశారు, నాన్న ఊరేగలేదు, పడేస్తారేమోనని ఇద్దర్నీ తిడుతూనే ఉన్నాడు.

తడి ఇసకలో కుర్చీ దించాక వాచీ తీసి నా చేతికిచ్చాడు. నేనేం గుర్తుచేయలేదు. కెరటం పాదాల మీదికి వచ్చి వెళ్తుంటే కాసేపు ఊరుకుని "ఆ రోజు ఎందుకొచ్చామో నీకు తెలుసా" అన్నాడు. సముద్రం చూపించడానికి అన్నాను. నవ్వాడు. ఆ రోజు ఆఫీసులో గుమాస్తా నాన్న కాయితాలు బల్ల మీంచి కిందకి తోసేశాడట, మళ్ళీ నెల రమ్మని. అప్పు చేసి తెచ్చిన రైలు చార్జీలు అవి. రైలేమో రాత్రికి. అంతసేపు స్టేషన్లో నా ఎదురుగా కూర్చుంటే ఏడ్చేస్తానేమోనని బస్సెక్కించాడట. "నువ్వు ఆ ముసలాడి చెయ్యి పట్టుకుని ఎగురుతుంటే, నేను అటు తిరిగి మొహం కడుక్కున్నాను. ఉప్పునీళ్ళు కదా, ఎవడికి తెలుస్తుంది."

నలభయ్యేళ్ళుగా నేను అందరికీ చెప్పుకున్న కథ ఇది, మా నాన్న ఆఫీసు పని మానుకుని మరీ సముద్రం చూపించాడని. మరి ఆ కాయితం ఎప్పుడొచ్చింది నాన్నా అంటే, "నాలుగోసారికి" అన్నాడు, వాచీ పెట్టుకుంటూ.

ఆ తర్వాత తెప్ప దగ్గర చేపలమ్మే ఆవిడతో పావుగంట బేరం. ఆవిడ తెలుగులో ఒడియా కలుస్తుంది, ఈయన ఒడియాలో తెలుగు కలుస్తుంది, రేటు మాత్రం ఇద్దరికీ స్పష్టంగానే అర్థమైంది. రెండు కిలోల చందువలు, ఐస్ పెట్టించి రాయగడ దాకా మోసుకొచ్చాం, కారు ఇంకా కంపు కొడుతోంది. అన్నయ్యకి ఫోన్ చేసి ఒక్క ముక్క కూడా పంపేది లేదని చెప్పాడు.