రోచెస్టర్‌లో మేయో క్లినిక్‌కి వెళ్తున్నాం, ఏ వైపు హోటల్ తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. మేం అమెరికా వచ్చి నాలుగు నెలలే అయింది, డల్లాస్‌లో ఉంటున్నాం. జనవరిలో నాన్నగారిని గుండె చూపించడానికి మిన్నెసోటాలోని రోచెస్టర్‌కి తీసుకెళ్తున్నాను. వారం పైనే పట్టొచ్చు. కారు ఉండదు. ఊరి చివర హోటళ్లు బాగా చవగ్గా కనిపిస్తున్నాయి. అక్కడ తీసుకోవచ్చా?

---

తీసుకోకండి. జనవరిలో, కారు లేకుండా, పెద్దాయనతో వస్తున్నప్పుడు అసలు వద్దు.

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో మా అమ్మను తీసుకొచ్చినప్పుడు నేనూ డబ్బులు మిగులుతాయని హైవే 52 పక్కన ఒక హోటల్ తీసుకున్నాను, మ్యాపులో చూస్తే పది నిమిషాల దూరమే. మొదటి రోజు పొద్దున ఏడింటికి పరగడుపున రక్తపరీక్ష, ఆ తర్వాతది మధ్యాహ్నం రెండింటికి. మధ్యలో అమ్మ కాసేపు నడుం వాలుస్తానంది. హోటల్ వ్యాను వచ్చి, వెళ్లి, మళ్లీ రావాలంటే కుదరదని ఆవిడను కుర్చీలోనే కూర్చోబెట్టేశాను. సాయంత్రానికి ఆవిడ మొహం చూస్తే ఏడుపొచ్చింది. మర్నాడే డౌన్‌టౌన్‌కి మారిపోయాం.

డౌన్‌టౌన్‌లో చాలా హోటళ్లకు స్కైవేలు (బిల్డింగుల మధ్య పైన కట్టిన మూసిన వంతెనలు), భూమి కింద నడిచే దారులు ఉన్నాయి. ఆ కింది దారుల్నే అక్కడ సబ్‌వే అంటారు, రైలు అనుకోకండి. క్లినిక్ వాళ్ల ముఖ్యమైన గోండా, మేయో బిల్డింగుల దాకా కోటు కూడా లేకుండా లోపల్నుంచే వెళ్లిపోవచ్చు. బయట మైనస్ 20 డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదండీ. "మేయోకి దగ్గర" అని అందరూ రాసుకుంటారు, మీరు మాత్రం ఫోన్ చేసి "లోపల్నుంచే దారి ఉందా?" అని సూటిగా అడగండి. పేషెంట్లకు రేటు తగ్గిస్తారా అని కూడా అడగండి, చాలాచోట్ల తగ్గిస్తారు. క్లినిక్ గుమ్మం దగ్గరే వీల్‌చైర్లు ఉచితంగా ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. గుండె ఆపరేషన్లు చేసేది మేయో వాళ్లదే అయిన సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో, అది డౌన్‌టౌన్‌కి పడమరగా మైలు దూరం. అందుకని మొదట నాలుగు రోజులే, క్యాన్సిల్ చేసుకునే వీలుతో బుక్ చేయండి. పరీక్షలన్నీ అయ్యాక ఆపరేషన్ అన్నారనుకోండి, అప్పుడు సెయింట్ మేరీస్ ఎదురుగా సెకండ్ స్ట్రీట్‌లో ఉన్న హోటళ్లకు మారండి, ఐసీయూలో ఆయన ఉంటే మీరు రోడ్డు దాటితే చాలు. ఈ రెండు చోట్ల మధ్య మేయో వాళ్ల షటిల్ బస్సు ఉచితంగానే తిరుగుతుంది.

నార్త్‌వెస్ట్ వైపు బాగుంటుంది, పెద్ద షాపులు చాలా అటే, కానీ అది కారున్నవాళ్లకు. వంటగది ఉన్న గది దొరికితే మాత్రం ఇరవై ముప్ఫై డాలర్లు ఎక్కువైనా వదలకండి. చిన్న రైస్ కుక్కర్, కందిపప్పు, పొడులు డల్లాస్ నుంచే తెచ్చుకోండి. నాలుగు రోజులు శాండ్‌విచ్‌లు తిన్నాక మా అమ్మ అడిగింది చారన్నమే.

---

పైన చెప్పినవాటికి రెండు కలుపుతాను. రోచెస్టర్ ఎయిర్‌పోర్టు చిన్నది, విమానాలు తక్కువ. మినియాపొలిస్‌లో దిగితే గంటన్నర ప్రయాణం, షటిల్ వ్యాన్లు దొరుకుతాయి. మంచు పడితే అన్నీ ఆలస్యమే కాబట్టి అపాయింట్‌మెంట్‌కి ఒక రోజు ముందే చేరండి. శని, ఆదివారాల్లో మామూలుగా అపాయింట్‌మెంట్లు ఉండవు, అందుకే సోమవారం మొదలయ్యేలా చూసుకుంటే వారం మొత్తం కలిసొస్తుంది.

---

చాలా థాంక్సండీ ఇద్దరికీ. నాన్నగారు నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడుతున్నారు, ఆ వ్యాను సంగతి నాకు తట్టనే లేదు. సబ్‌వే దారి ఉన్న హోటల్‌లో ఆదివారం నుంచి నాలుగు రాత్రులు బుక్ చేశాను. గదిలో చిన్న వంటగది కూడా ఉందట.