జత లేకుండా ఇంట్లో సల్సా సాధన ఎలా చేస్తున్నారు?

అనంత_బాట
అనంతపురంలో ఉంటాను. ఆదివారాలు బెంగళూరు వెళ్లి సల్సా (ఇద్దరు జతగా ఆడే లాటిన్ డాన్స్) నేర్చుకుంటున్నాను, ఇంకా మొదటి దశే. ఒకవైపే 200 కిలోమీటర్ల పైన దూరం, కాబట్టి వారంలో ఇంకోసారి వెళ్లడం కుదరదు. ఇక్కడ జతగా ఆడేవాళ్లు ఎవరూ దొరకలేదు. క్లాసులో బాగానే వస్తుంది, వారం మధ్యకి వచ్చేసరికి సగం మరిచిపోతున్నాను. క్రాస్ బాడీ లీడ్ (నడిపించేవాళ్లు పక్కకి తప్పుకుని జతని అవతలివైపుకి పంపడం) లాంటివి ఎదుట మనిషి లేకుండా సాధన చేయొచ్చా? ఇంట్లో చేయాలా, మేడ మీదా? మీ అనుభవం చెప్పండి.

బీక్యాంపు_కర్నూలు
నేను హైదరాబాదులో నేర్చుకుని కర్నూలు వచ్చేశాను. ఇక్కడ ఎక్కువగా ఒంటరి సాధనే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఒంటరిగా ఉన్నప్పుడు కొత్త కొత్త ప్యాటర్న్‌లు పట్టుకోవద్దు. బేసిక్ స్టెప్, ఒంటి బరువు, టైమింగ్. ఈ మూడూ జత లేకుండానే బాగా కుదురుతాయి.

బేసిక్ అంటే ఎనిమిది లెక్కలు. 1, 2, 3 అడుగులు, 4లో అడుగు లేదు. 5, 6, 7 అడుగులు, 8లో అడుగు లేదు. అడుగు లేదంటే బిగుసుకుని నిలబడమని కాదు. 3లో వేసిన కాలి మీదికి ఒంటి బరువు పూర్తిగా చేరడానికే ఆ వ్యవధి. చేరిందో లేదో తెలుసుకోవాలంటే ప్రతి అడుగు తర్వాత రెండో కాలిని కొంచెం పైకెత్తి చూడండి. ఒళ్లు పక్కకి తూలకుండా కాలు లేచిందంటే బరువు మారినట్టే. చాలామందికి తిరిగేటప్పుడు తూలు రావడానికి కారణం బరువు పూర్తిగా మారకపోవడమే, తిరగడం రాక కాదు.

క్రాస్ బాడీ లీడ్‌లో మీ అడుగుల వరకు చేయొచ్చు. 2, 3లలో ఎడమవైపు పావు మలుపు తిరిగి దారి ఇవ్వడం, 5, 6, 7లలో మిగతా మలుపు పూర్తి చేయడం. చేతులు మాత్రం గాలిలో లాగొద్దు. ఎదుటి మనిషి బరువు తెలియకుండా లాగితే, ఆదివారం జతలో ఉన్నవాళ్ల భుజానికి నొప్పి పుడుతుంది.

ఏడురోడ్ల_అక్క
కడప నుంచి. నేను ఫాలో చేస్తాను, అంటే జతలో ఎదుటివాళ్లు నడిపించినట్టు కదులుతాను, కాబట్టి రెండోవైపు మాట. మాకు ఒంటరి సాధనలో ఒక ప్రమాదం ఉంది. ఒకే వరసలో చేసీ చేసీ, తర్వాత ఏం వస్తుందో ముందే ఊహించుకుని కదిలిపోతాం. సోషల్‌లో (అందరూ కలిసి ఆడే డాన్స్ పార్టీలో) పాటపాటకీ జత మారుతుంది, ఎవరు ఎటు తిప్పుతారో తెలియదు. అందుకే నేను వరసలు చేయను. బేసిక్, కుడి మలుపు, ఎడమ మలుపు, అంతే. పాట ఎటు తీసుకెళ్తే అటు కలిపేస్తాను.

ఇంకోటి, కాళ్లకన్నా ముందు చెవి. వంట చేస్తూ పాట పెట్టుకుని 1 ఎక్కడుందో వెతకండి. మొదట్లో 1కీ 5కీ తేడా తెలియదు, వినగా వినగా అదే పట్టుబడుతుంది. తర్వాత క్లావే (సల్సా పాటకి ఆధారమైన ఐదు దెబ్బల తాళం) వేయండి. 2-3 క్లావే (ముందు రెండు దెబ్బలు, తర్వాత మూడు) అయితే 2, 3, 5, 6 దాటాక అర బీటు, 8 దగ్గర చప్పట్లు. సల్సా పాటలు ఎక్కువగా నిమిషానికి 160 నుంచి 220 బీట్ల మధ్య ఉంటాయి. కొత్తవాళ్లు ఫోన్లో వేగం 0.75కి తగ్గించుకుంటే కాళ్లు తొందరపడవు.

జమ్మలమడుగు_చెక్కలు
నాకు సల్సా రాదు. మా ఊరి చెక్కభజనలో ఉన్నాను కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. మా గురువుగారు కొత్తవాళ్లకి ముందే చెక్కలు ఇవ్వరు. నోటితో తాళం చెప్తూ అడుగులు వేయిస్తారు. నోరు తడబడిన చోటే అడుగూ తడబడుతుంది. ఇంట్లో చేసుకునేటప్పుడూ అంతే, తాళం బయటికి వినిపించేలా చెప్పాలి. మనసులో లెక్కపెడితే తప్పిన చోట మనమే సర్దేసుకుంటాం, తప్పు దొరకదు.

బీక్యాంపు_కర్నూలు
@జమ్మలమడుగు_చెక్కలు అన్నా, ఇది నేను కూడా పాటిస్తాను. గట్టిగా లెక్కపెట్టండి, 4, 8 కూడా పలకండి. పలకకపోతే ఆ వ్యవధి కుదించుకుపోయి పాటకన్నా ముందు పరుగెడతాం.

నేల గురించి. మేడ మీద సిమెంటు గచ్చు గరుకుగా ఉంటుంది, పైగా మన షూ అడుగు రబ్బరు. పాదం నేలకి అతుక్కుపోయి ఒళ్లు తిరిగితే ఆ మెలి మోకాలికి పడుతుంది. మేడ మీద బేసిక్ వరకే, మలుపులు వద్దు. ఇంట్లో నునుపైన నాపరాయి బండలుంటే మలుపులు అక్కడ చేయండి. సాక్స్‌తో వద్దు, జారతాయి. స్వెడ్ (మెత్తటి నూగు తోలు) అడుగున్న డాన్స్ షూస్ ఉంటే సరే.

ఏడురోడ్ల_అక్క
అద్దం ముందు చేయొద్దని నా సలహా. చూపు అద్దంలోని కాళ్ల మీదే ఉంటుంది, జతలోకి వెళ్లాక కూడా తల కిందికే వంగుతుంది.

బీక్యాంపు_కర్నూలు
ఇక్కడ నేను ఒప్పుకోను అక్కా. భుజాలు పైకి లేస్తున్నాయా, అడుగులు పెద్దవైపోతున్నాయా అనేది అద్దం లేకుండా మనకి తెలియదు. వేగం పెరిగేకొద్దీ అడుగు చిన్నదవ్వాలి, కొత్తవాళ్లు దానికి ఉల్టా చేస్తారు. కావాలంటే అద్దం బదులు ఫోన్లో వీడియో తీసుకుని తర్వాత చూడండి.

ఏడురోడ్ల_అక్క
వీడియో అయితే సరే.

అనంత_బాట
అందరికీ థ్యాంక్స్. కాలు ఎత్తి చూసే పద్ధతి ఇప్పుడే చేశాను. ఎడమ కాలి మీద బాగానే ఉంది, కుడి కాలి మీద తూలుతోంది. మలుపులకి డాన్స్ షూస్ ఇంకా కొనలేదు, వట్టి కాళ్లతో చేయొచ్చా? అనంతపురంలో ఇంకెవరైనా నేర్చుకుంటుంటే మెసేజ్ పెట్టండి, శనివారం సాయంత్రాలు కలిసి చేద్దాం.

బీక్యాంపు_కర్నూలు
బేసిక్‌కి వట్టి కాళ్లు పరవాలేదు. మలుపులకి చర్మం నేలను పట్టేస్తుంది, షూస్ వచ్చేదాకా పావు మలుపు దగ్గరే ఆగండి. కుడి కాలి మీద 7, 8 దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడి చూడండి.